చెత్త బండి గల్లీ దాటాక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్ నగరం తన చెత్తను ఎలా సేకరిస్తున్నది, ఎక్కడికి చేరుస్తున్నది, అందులో మళ్లీ వాడుకలోకి వస్తున్నది ఎంత అనే విషయాలపై ప్రశ్నలు పంపవలసిందిగా గత సంచికలో పాఠకులను కోరాము. వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఫిర్యాదులే. ఫలానా వీధిలో బండి రావడం లేదన్న ఫిర్యాదులకు ఈ శీర్షిక సమాధానం చెప్పలేదు గనుక వాటిని పక్కన పెట్టి, మొత్తం ఏర్పాటును గురించి అడిగిన ప్రశ్నలను ఎంచుకున్నాము. ఒకే విషయాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: మేము తడి చెత్తను, పొడి చెత్తను రెండు బుట్టలలో విడివిడిగా పెట్టి ఇస్తున్నాము. బండి అతను మా కళ్ల ముందే రెండింటినీ ఒకే చోట గుమ్మరిస్తున్నాడు. అలాంటప్పుడు మేము వేరు చేయడం దేనికి?
(ఒక గృహిణి, కూకట్‌పల్లి)

జవాబు: మీరు చూసింది నిజమే. రెండు అరలున్న బండిలో కూడా ఒక అర నిండగానే మిగిలినదాన్ని రెండో అరలోకి తోసేయడం నగరంలో రోజూ కనబడే దృశ్యం. అయితే దీన్ని ఆ ఒక్క మనిషి నిర్లక్ష్యంగా తీసుకుంటే అసలు సంగతి తెలియదు.

2015లో బల్దియా (నగర పాలక సంస్థ) నగరంలోని దాదాపు 22 లక్షల ఇళ్లకు ఆకుపచ్చ, నీలం రంగులలో 44 లక్షల బుట్టలు పంచింది. ఆ ఏడాది నవంబరులోనే స్వచ్ఛ ఆటోలు రోడ్డెక్కాయి. ఇప్పుడు వాటి సంఖ్య నాలుగు వేలు దాటింది. ఈ ఆటోలు నడిపేవారు బల్దియా దగ్గర జీతానికి పనిచేసేవారు కారు. బ్యాంకు అప్పుతో బండిని సొంతం చేసుకుని, ఇంటింటి నుంచి నెలనెలా రుసుము వసూలు చేసుకుని (మొదట్లో అది ఇంటికి 50 రూపాయలు), దానితోనే వాయిదాలు, డీజిలు ఖర్చు, ఇల్లు గడుపుకోవాలన్నది ఆ పథకం. నెలాఖరుకు రుసుము ఎగ్గొట్టే ఇళ్లు ఎన్ని ఉంటాయో మీ వీధిలోనే లెక్క చూసుకోవచ్చు. కాబట్టి ఆటో అతనికి నిలకడగా చేతికందే రెండో ఆదాయం పొడి చెత్తను అమ్మితే వచ్చేదే.

ఈసారి బండి వచ్చినప్పుడు దాని పక్కన వేలాడే సంచులను గమనించండి. ఒకదానిలో నీళ్ల సీసాలు, ఒకదానిలో మడత పెట్టిన అట్టపెట్టెలు, ఇంకొకదానిలో రేకు డబ్బాలు, ఇనుప ముక్కలు, పాల ప్యాకెట్లు కుక్కిన చిన్న మూట వేరుగా కనబడతాయి. బండి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి కదులుతుండగానే, వెనుక నిలబడిన మనిషి, తరచుగా ఆటో అతని భార్యో తమ్ముడో, తొడుగులు లేని చేతులతో ఈ పని చేస్తుంటారు. అంటే మీరు విడిగా ఇచ్చినదానిలో ధర పలికేది మిగతా చెత్తతో కలిసిపోవడం లేదు. ధర పలకనిది మాత్రం తడి చెత్తలో కలిసిపోతున్నది. మీరు కలిపి ఇచ్చి ఉంటే ఆ అట్టపెట్టె సాంబారులో నాని ఉండేది. నానిన అట్టను ఏ దుకాణదారూ పూర్తి ధరకు కొనడు, తరచుగా అసలు కొనడు. మీ శ్రమకు ఫలితం ఇప్పటికైతే ఆ మేరకే ఉన్నది.

ఆ తరువాతి దశలోనే అసలు లోపం ఉన్నది. ముప్పావు టన్ను కూడా పట్టని ఆటో కూకట్‌పల్లి నుంచి నగరపు చెత్త చేరే జవహర్‌నగర్ యార్డు దాకా వెళ్లి రావడం దండగ కనుక, యూసుఫ్‌గూడ, ఇమ్లిబన్, లోయర్ ట్యాంక్‌బండ్ వంటి చోట్ల ట్రాన్స్‌ఫర్ స్టేషన్లు పెట్టారు. ఆటోలు అక్కడ ఖాళీ చేస్తే, యంత్రం ఆ చెత్తను అదిమి పెద్ద కంటెయినర్లలోకి నింపుతుంది. పది, పదిహేను టన్నుల చొప్పున లారీలు దాన్ని తీసుకుపోతాయి. తడికి ఒక తొట్టి, పొడికి ఒక తొట్టి, రెండింటికీ వేర్వేరు లారీలు లేని ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు చేరిన తరువాత ఆటోలోని రెండు అరల వల్ల ఒరిగేదేమీ లేదు. అదిమే యంత్రంలో ఒకసారి కలిసినదాన్ని మళ్లీ విడదీయడం ఏ ప్లాంటు వల్లా పూర్తిగా కాదు. ఇళ్లలో బుట్టలు పంచడం మీద పెట్టిన శ్రద్ధలో సగం ట్రాన్స్‌ఫర్ స్టేషన్ల మీద పెట్టి ఉంటే మీకు ఈ ఉత్తరం రాయవలసిన అవసరం వచ్చేది కాదన్నది మా అభిప్రాయం.

ప్రశ్న: ఒకప్పుడు వీధి మొగలో చెత్త కుండీ ఉండేది. దాన్ని తీసేశాక అదే చోట నేల మీద చెత్త పోస్తున్నారు. కుండీ ఉన్నప్పుడే నయం కదా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మలక్‌పేట)

జవాబు: కుండీలను తీసేయడం వెనుక ఉద్దేశం మంచిదే. కుండీ అందరిదీ గనుక అందులో ఎవరు ఏమి వేశారో తెలియదు. ఇంటి చెత్త, కోడిమాంసం దుకాణం వ్యర్థాలు, పగిలిన కమోడు అన్నీ అందులోనే పడేవి. ఇంటి గుమ్మం దగ్గర చేతికి చేయి అందించుకున్నప్పుడే వేరు చేయమని అడిగే వీలు ఉంటుంది.

అయితే ఈ మార్పుకు ప్రాణం వేళ. ఉదయం ఏడున్నరకే భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లిపోయే ఇంటికి పదిన్నరకు బండి వస్తే, ఆ ఇంటి చెత్త రాత్రి చీకటి పడ్డాక పాత కుండీ ఉన్న చోటికే చేరుతుంది. అధికారులు ఇటువంటి స్థలాలను గుర్తించి, శుభ్రం చేయించి, ముగ్గులు వేయించి, ఒక్కోసారి ఒక మనిషిని కాపలా కూడా ఉంచుతున్నారు. ముగ్గు ఉన్న చోట చెత్త వేయడానికి కొందరు సంకోచిస్తారు, అందరూ కాదు. బస్తీకి ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత బండి రావడం, లేదా వార్డుకు ఒక చోట మనిషి ఉండి తీసుకునే కేంద్రం పెట్టడం మాత్రమే ఈ సమస్యకు మందు. తెరిచిన కుండీని తిరిగి తెస్తే కుక్కలకు, పందులకు తప్ప ఎవరికీ మేలు లేదు.

ప్రశ్న: నగరమంతా తన చెత్తను మా వైపుకు పంపి హాయిగా ఉన్నది. వాన పడితే వాసనకు కిటికీలు తెరవలేము, బోరు నీళ్లు పనికిరావు. ఈ డంపింగ్ యార్డును వేరే చోటికి ఎందుకు మార్చరు?
(ఒక పాఠకుడు, దమ్మాయిగూడ)

జవాబు: మీ ఆగ్రహం న్యాయమైనది. దాన్ని చల్లార్చే జవాబు మా దగ్గర లేదు. ఎందుకు మారడం లేదో మాత్రం చెప్పగలము.

పాతికేళ్ల కిందట నగరపు చెత్త వనస్థలిపురం పక్కన ఆటోనగర్ వైపు పోయేది. అక్కడ జనావాసాలు పెరిగి గొడవ ముదరడంతో అది జవహర్‌నగర్‌కు మారింది. అప్పటికి జవహర్‌నగర్ ఊరి చివర. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్‌ను ఏర్పాటు చేసినప్పుడు ఆ మున్సిపాలిటీల చెత్త కూడా దాదాపుగా ఈ 330 ఎకరాల పైచిలుకు స్థలం మీదికే వచ్చి పడింది. 2009లో నిర్వహణను ఒక ప్రైవేటు సంస్థకు ఒప్పందం మీద అప్పగించారు. పోగుపడిన పాత చెత్త, సుమారు 1.2 కోట్ల టన్నులు, ఒక గుట్టగా మిగిలింది. తరువాత దాని మీద మట్టి, నీరు చొరని పొరలు కప్పి, పైన గడ్డి పెంచారు. కప్పిన గుట్టలోకి కొత్తగా వాన నీరు దిగదు. అయితే అడుగున అప్పటికే పట్టి ఉన్న తడి ఏళ్ల తరబడి ఊరుతూనే ఉంటుంది. ఆ నల్లని ఊట నీరు మల్కారం చెరువులోకి చేరి దాన్ని పాడుచేసిన సంగతి మీకు మాకంటే బాగా తెలుసు. దాన్ని శుద్ధి చేయడానికి రోజుకు 20 లక్షల లీటర్ల సామర్థ్యం ఉన్న ప్లాంటును 2023లో ప్రారంభించారు.

ఇక వాన పడినప్పటి వాసన చాలావరకు ఆ పాత గుట్టది కాదు, రోజూ కొత్తగా వచ్చేదానిది. నగరం నుంచి రోజుకు ఏడు వేల టన్నులకు అటూ ఇటూగా చెత్త బయలుదేరుతుంది. అందులో సగానికి పైగా వంటింటి, కూరగాయల మార్కెట్ల చెత్త, ఆ తడి చెత్తలో ముప్పాతిక వంతు వట్టి నీరు. గాలి ఆడకుండా కుప్ప పోసిన తడి చెత్త కుళ్లి, మీథేన్‌తో పాటు మీకు వాసన తగిలించే గంధక వాయువులను వదులుతుంది. ఇది పూర్తిగా ఎండిన చెత్త అయి ఉంటే కుప్ప పోసినా ఇంత వాసన రాదు, ఇంత ఊట దిగదు.

మార్చడం గురించి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం చెత్తను పూడ్చే స్థలం నదికి 100 మీటర్లు, చెరువుకు 200 మీటర్లు, ఇళ్లకు, రహదారులకు, తాగునీటి బావులకు 200 మీటర్లు, విమానాశ్రయానికి లేదా వైమానిక స్థావరానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉండవలసి ఉండేది. ప్రత్యేక సందర్భాలలో మాత్రం సంబంధిత శాఖ అనుమతితో 10 నుంచి 20 కిలోమీటర్ల మధ్య కూడా పెట్టే వీలు ఉండేది. పక్షులు చెత్త మీద వాలడం, అవి విమానాలకు తగలడం ఈ దూరానికి కారణం. ఇప్పుడు హైదరాబాద్ పటం తీసుకుని బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ కేంద్రాలుగా 20 కిలోమీటర్ల వృత్తాలు నాలుగు గీయండి. ఔటర్ రింగ్ రోడ్డు లోపల మిగిలే ఖాళీ అతి స్వల్పం. ఆ మిగిలినచోట చెరువులు, కాలనీలు. జవహర్‌నగర్ హకీంపేటకు ఎంత దగ్గరో మీకు వేరే చెప్పనక్కరలేదు; ఆ స్థలాన్ని కొత్తగా ఎంచుకోవలసి వచ్చి ఉంటే ఆ నిబంధనలు ఒప్పుకునేవి కావు. కాబట్టి కొత్త స్థలం అంటే రింగ్ రోడ్డుకు బయట ఎవరి ఊరి పక్కనో అన్నమాటే. సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో యార్డు పెట్టబోతే 2025లో చుట్టుపక్కల గ్రామాల వారు రోడ్డెక్కారు. వారు చెప్పిన మాట మీరు ఇప్పుడు రాసిన మాటే.

ఒక్క భారీ యార్డు బదులు నగరానికి నాలుగు వైపులా చిన్న ప్లాంట్లు పెట్టి, పూడ్చే స్థలానికి మిగులు మాత్రమే పంపాలన్నది నిపుణులు చాలాకాలంగా చెబుతున్నదే. 2025 చివర ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాలలోని 27 పట్టణ సంస్థలను గ్రేటర్‌లో కలపడంతో దాని అవసరం ఇంకా పెరిగింది. ఏ వైపు చెత్తను ఆ వైపే ఉంచాలంటే ముందు ఆ చెత్తలోని తడిని అక్కడే వదిలించాలి. కుళ్లే చెత్త రాని ప్లాంటును పక్క ఊరు ఒప్పుకునే అవకాశం కొంతైనా ఉంటుంది. వచ్చేదాన్ని ఎవరూ ఒప్పుకోరు.

ప్రశ్న: జవహర్‌నగర్‌లో చెత్తతో కరెంటు తయారు చేస్తున్నారు కదా, ఇక ఎరువు చేయడం, వేరు చేయడం అనే గొడవ ఎందుకు? అంతా కాల్చేస్తే సరిపోదా?
(ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, ఘట్‌కేసర్)

జవాబు: మీరు ఇంజినీరింగ్ విద్యార్థి గనుక లెక్కతోనే చెబుదాము. ఒక కిలో చెత్తలో సగం నీరు అనుకుందాము. మిగిలిన అరకిలో ఎండు పదార్థం కాలితే, దానిలో మట్టి, రాయి లేవనుకున్నా, సుమారు 1,750 కిలో కేలరీల వేడి వస్తుందనుకుందాము. అందులో అరకిలో నీటిని వేడెక్కించి ఆవిరి చేయడానికే 300 దాకా పోతుంది. మిగిలేది 1,450. చెత్తను ఇంధనంగా లెక్కించడానికి 2016 నిబంధనలు పెట్టిన హద్దు కిలోకు 1,500. మన చెత్తలో రోడ్లు ఊడ్చిన మట్టి కూడా ఉంటుంది గనుక అసలు సంఖ్య ఇంకా తక్కువ. తడి కట్టెలు పెట్టిన పొయ్యి పొగ చిమ్ముతుందే గాని మండదు, బాయిలరుకైనా అంతే. కొలిమిలో వేడి 850 డిగ్రీలకు తగ్గకుండా, వాయువులు కనీసం రెండు సెకన్లు ఆ వేడిలో ఉండేటట్లు చూడకపోతే డయాక్సిన్లు అనే విష పదార్థాలు పూర్తిగా నాశనం కావు. తడి ఎక్కువైతే ఆ వేడిని నిలబెట్టడమే కష్టం.

అందుకే ప్లాంటు చెత్తను నేరుగా కాల్చదు. ముందు ఆరబెట్టి, జల్లెడ పట్టి, మట్టిని, కుళ్లే పదార్థాన్ని తీసి, మిగిలిన కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ ముక్కలను ఇంధనంగా తయారుచేసి వాడుతుంది. జవహర్‌నగర్ ప్లాంటు 2020లో 19.8 మెగావాట్లతో మొదలై, తరువాత 24 మెగావాట్లకు పెరిగింది, దుండిగల్‌లో 14.5 మెగావాట్ల మరో ప్లాంటు వచ్చింది. కాల్చినదానిలో ఐదో వంతు దాకా బూడిదగా మిగులుతుంది, దానికి మళ్లీ స్థలం కావాలి. పొగ వడపోతలో చిక్కే బూడిదనైతే ప్రమాదకర వ్యర్థంగానే చూడాలి.

ఇందులో ఒక చిక్కు ఉన్నది, దాన్ని పత్రికలు అంతగా పట్టించుకోవు. బాగా మండేది అట్ట, ప్లాస్టిక్. పాత సామాను దుకాణంలో బాగా అమ్ముడుపోయేదీ అవే. రోజుకు వేయి టన్నులకు పైగా ఇంధనం కావలసిన ప్లాంటు ఒకసారి కట్టాక దాన్ని ఇరవై ఏళ్లకు పైగా నడపాలి. ఆ కాలమంతా దానికీ, రీసైక్లింగ్‌కూ ఒకే సరుకు మీద పోటీ. చిప్స్ ప్యాకెట్ల వంటి పలు పొరల ప్లాస్టిక్, మురికి పట్టిన కవర్లు, చిరిగిన చెప్పులు వంటి వేరే గతి లేని సరుకుకే ఇటువంటి ప్లాంటును పరిమితం చేస్తే మంచిదే. అంతకు మించి పెద్దది కడితే, అమ్ముడుపోయే సరుకును కూడా అది మింగుతుంది.

తడి చెత్తకు సరైన దారి మంట కాదు, గాలి చొరని తొట్టి. దాన్ని చూడాలంటే మీరు దూరం పోనక్కరలేదు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో అమ్ముడుపోని, కుళ్లిన కూరగాయలను రోజుకు 10 టన్నుల దాకా తీసుకుని బయోగ్యాస్, దానితో రోజుకు 500 యూనిట్ల దాకా కరెంటు తీసే ప్లాంటు ఉన్నది. దాని సాంకేతికత తార్నాకలోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తలది. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావించిన తరువాత దాని పేరు దేశమంతా తెలిసింది. అది నడుస్తున్నదంటే కారణం, అక్కడికి వచ్చే సరుకులో టమాటాలు, క్యాబేజీ ఆకులు తప్ప ప్లాస్టిక్ పెద్దగా ఉండకపోవడమే. 2022 ఫిబ్రవరిలో ఇందౌర్ ప్రారంభించిన 550 టన్నుల ప్లాంటుకూ అదే సూత్రం. అక్కడ ఇళ్ల దగ్గరే చెత్తను వేరు చేసి తీసుకుంటారు.

ప్రశ్న: పిజ్జా డబ్బా తడా, పొడా? శానిటరీ ప్యాడ్లు, కాలం చెల్లిన మందులు ఎందులో వేయాలి?
(ఒక ఐటీ ఉద్యోగిని, కొండాపూర్)

జవాబు: నూనె, జున్ను అంటిన అడుగు అట్ట తడి చెత్తలోకి, శుభ్రంగా ఉన్న మూత పొడి చెత్తలోకి. పాల ప్యాకెట్‌ను ఒకసారి కడిగి ఆరబెడితే పొడి చెత్త. కడగకుండా మూట కడితే సాయంత్రానికి పక్కనున్న కాగితాలు కూడా పనికిరావు. కొబ్బరి చిప్ప తడి చెత్తే అయినా త్వరగా కుళ్లదు గనుక విడిగా పెట్టండి. 2016 నిబంధనలు చెత్తను మూడు రకాలుగా వేరు చేయమన్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నిబంధనలు నాలుగు రకాలన్నాయి: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. ప్యాడ్లు, డైపర్లు కాగితంలో చుట్టి మూడో రకంలోకి. మందులు, ట్యూబ్‌లైట్లు, బ్యాటరీ సెల్లులు, రంగుల డబ్బాలు నాలుగో రకంలోకి. ప్యాడ్లను చుట్టకుండా ఇవ్వకండి. వాటిని తొడుగులు లేని చేతులతో తీసే మనిషి ఉన్నారు.

ప్రశ్న: ఇంట్లో రెండు గోడలు పడగొట్టించాము. ఆ డెబ్రిస్‌ను తీసుకుపోతానని ఒక ట్రాక్టర్ అతను తక్కువకు ఒప్పుకున్నాడు. ఇవ్వవచ్చా?
(ఒక పాఠకుడు, రామంతాపూర్)

జవాబు: ఎక్కడ పోస్తారో అడగండి. జవాబు సరిగ్గా రాకపోతే అది ఏ చెరువు శిఖం భూమిలోనో, నాలా గట్టు మీదో పడుతుందని అర్థం. 2020 అక్టోబరు వరదలలో రామంతాపూర్ పరిసరాలు మునిగిన సంగతి మీరు మరిచి ఉండరు. నాలాలను ఇరుకు చేసినవాటిలో ఇటువంటి మట్టీ, ఇటుక ముక్కలూ కూడా ఉన్నాయి. నిర్మాణ వ్యర్థాలకు జీడిమెట్లలోను, ఫతుల్లగూడలోను రోజుకు 500 టన్నుల చొప్పున సామర్థ్యం ఉన్న ప్లాంట్లు ఉన్నాయి. మీకు ఫతుల్లగూడ దగ్గర. అక్కడ కాంక్రీటును పిండి చేసి, ఇనుము తీసి, ఇసుకగా, కంకరగా, ఫుట్‌పాత్ టైల్స్‌గా మారుస్తారు. బల్దియాకు తెలియజేస్తే రుసుము మీద బండి పంపుతారు. ట్రాక్టర్ అతని ధర కన్నా అది ఎక్కువే కావచ్చు. ఇంటి చెత్తలో మాత్రం దీన్ని కలపకండి. టన్నుల లెక్కన డబ్బు చెల్లించే ఏర్పాటులో ఇటుక ముక్కలను జవహర్‌నగర్ దాకా మోయించడం అందరికీ నష్టం.

ప్రశ్న: నగరంలో రీసైక్లింగ్ నిజంగా ఎవరు చేస్తున్నారు? ప్రభుత్వమా, పాత సామాన్ల వాళ్లా?
(ఒక పరిశోధక విద్యార్థి, ఉస్మానియా విశ్వవిద్యాలయం)

జవాబు: ఎక్కువ భాగం పాత సామాన్ల వాళ్లే. బల్దియా పొడి చెత్త కేంద్రాలు తెరిచింది గాని, సరుకులో అధిక భాగం ఏరుకునేవారి నుంచి గల్లీలోని చిన్న దుకాణానికి, అక్కడి నుంచి గోదాముకు, గోదాము నుంచి రకాన్ని బట్టి ఫ్యాక్టరీకి పోతుంది. ప్లాస్టిక్ అయితే కాటేదాన్ వైపు చిన్న యూనిట్లు దాన్ని కడిగి, తునకలు చేసి, కరిగించి గుళికలు చేస్తాయి. నీళ్ల సీసాల ప్లాస్టిక్‌కు దేశమంతటా గిరాకీ ఉన్నది, దాని నుంచి దారం తీస్తారు. బీరు సీసా పగలకుండా ఉంటే నేరుగా మళ్లీ నింపడానికి పోతుంది, పగిలితే దాదాపు విలువ లేదు. ఎవరూ కొననివాటిలో ముఖ్యమైనది పలు పొరల ప్యాకెట్ల ప్లాస్టిక్, దాని గమ్యం కొలిమి లేదా సిమెంటు ఫ్యాక్టరీ.

ఈ గొలుసుకు సబ్సిడీ లేదు, రక్షణ కూడా లేదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ భోయిగూడలో ఒక స్క్రాప్ గోదాముకు నిప్పంటుకుంటే, పైఅంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. కాగితం, సీసాలు, వైర్లు కింద, మనుషులు పైన, దిగడానికి ఒకే మెట్లదారి. నగరం తన చెత్త ప్రణాళికలో ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కు స్థలం చూపిస్తుంది, ప్లాంటుకు స్థలం చూపిస్తుంది. అమ్ముడుపోయే సరుకును నిజంగా వేరు చేసే ఈ గోదాములకు మాత్రం చోటు కేటాయించదు. అందువల్లనే అవి ఇరుకు గల్లీలలో, ఇళ్ల కింద నడుస్తున్నాయి. మీ పరిశోధనకు అంశం కావాలంటే ఇదే తీసుకోండి. ఒక వార్డులో ఉన్న పాత సామాన్ల దుకాణాలన్నిటినీ తిరిగి, రోజూ ఏ రకం సరుకు ఎంత వస్తున్నదో రాసుకోవడంతో మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 120 ఫ్లాట్లు. సెల్లారులో కంపోస్టు డబ్బాలు పెట్టాము. రెండు నెలలకే వాసన, పురుగులు. నివాసులు తీసేయమంటున్నారు. ఎక్కడ పొరపాటు?
(సంక్షేమ సంఘం కార్యదర్శి, మియాపూర్)

జవాబు: 120 ఇళ్ల నుంచి రోజుకు 200 కిలోలకు తక్కువ కాకుండా చెత్త వస్తుంది. రోజుకు 100 కిలోలు దాటితే మీరు భారీ ఉత్పత్తిదారుల లెక్కలోకి వస్తారు. తడి చెత్తను వీలైనంతవరకు మీ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవడం మీ బాధ్యతే గనుక డబ్బాలు తీసేయడం మార్గం కాదు.

పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: మీ డబ్బాలో నీరు ఎక్కువ, ఎండు పదార్థం తక్కువ. పెరుగన్నం, పప్పుచారు, పుచ్చకాయ తొక్కలు నేరుగా వేస్తే అడుగున గాలి ఆడదు. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాసన వాటిదే. ఒక బకెట్ తడి చెత్తకు దాదాపు ఒక బకెట్ ఎండు ఆకులు గాని, రంపపు పొట్టు గాని, కొబ్బరి పీచు పొడి గాని కలపాలి. పులుసులను ముందు జల్లెడలో వంచేయాలి. డబ్బా అడుగున కన్నాలు, పక్కల గాలి సందులు ఉన్నాయో లేదో చూడండి. వారానికి ఒకసారి తిరగేయించండి. తిరగేసినప్పుడు లోపల చేయి పెట్టలేనంత వేడి తగిలితే పని సవ్యంగా సాగుతున్నట్లు. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కల కన్నా ఎక్కువ కారకూడదు. చేప, మాంసం ముక్కలను నడిమధ్యలో పాతి, పైన ఆకులు కప్పితే ఈగలు వాలవు. కనబడే లావాటి పురుగులు చాలావరకు హాని చేసేవి కావు గాని, అవి మితిమీరితే తడి ఎక్కువైనట్లే.

మీ కాపలాదారు ఉదయం ఆవరణలోని ఎండు ఆకులు ఊడ్చి మూలన కాలుస్తున్నాడా? చాలా అపార్ట్‌మెంట్లలో జరిగేది ఇదే: కావలసిన సరుకు కాలిపోతుంది, దాని కొరతతో డబ్బా కంపు కొడుతుంది. ఆకులను వైరు గంపలలో నిలవ ఉంచండి. నవంబరు నుంచి మార్చి దాకా రాలినవి వానాకాలానికి అక్కరకు వస్తాయి. అన్నీ సరిగా సాగితే 40 రోజులు అటూ ఇటూగా, 100 కిలోల తడి చెత్తకు 15 నుంచి 20 కిలోల ఎరువు దిగుతుంది. మిగతాది చాలావరకు ఆవిరై పోయిన నీరు. బండి ఎక్కి, ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో దిగి, లారీలో జవహర్‌నగర్ దాకా ప్రయాణించవలసిన బరువు అదే.

ప్రశ్న: బతుకమ్మ పూలు చెరువులో వేయడం కాలుష్యమా?
(ఒక పాఠకురాలు, ఉప్పల్)

జవాబు: తంగేడు, గునుగు, బంతి పూలు కుళ్లేవే; పెద్ద చెరువులో కొద్దిగా పడితే ఇబ్బంది లేదు. కాలనీలన్నీ ఒకే రేవులో ఒకే రాత్రి వేస్తే మాత్రం అవి కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును లాగేసి చేపలను చంపగలవు. కనుక మరునాటి ఉదయమే రేవు దగ్గర వల వేసి తీయించమని మీ వార్డు కార్యాలయాన్ని ముందుగానే అడగండి. బతుకమ్మను పేర్చే థర్మాకోల్ పళ్లెం, ప్లాస్టిక్ పూలు, రంగు కాగితం నీటిలోకి వెళ్లకుండా గట్టు మీదే తీసి పొడి చెత్తలో వేయండి. ఇత్తడి తాంబాళం మీదో, వెదురు సిబ్బి మీదో పేరిస్తే ఆ తీసే పని కూడా ఉండదు.